ల్యాప్‌టాప్‌లో థర్మల్ ప్యాడ్ తీసి పేస్ట్ పెట్టొచ్చా? ఎక్కడ ఏది పెట్టాలి

ఏప్రిల్ దాటిందంటే ఈ ప్రశ్న ఎవరో ఒకరు అడుగుతూనే ఉంటారు. గేమింగ్ ల్యాప్‌టాప్ కాగిపోతోంది, ఫ్యాన్ హోరు ఆగట్లేదు. విప్పి చూస్తే ప్రాసెసర్ మీద ఎండిన పేస్టూ, దాని చుట్టూ మెత్తటి ప్యాడ్ ముక్కలూ కనిపించాయి. ఎలాగూ విప్పాం కాబట్టి ఆ ప్యాడ్లు కూడా పీకేసి అన్నిచోట్లా మంచి పేస్ట్ పెట్టేస్తే పోలా? ప్యాడ్ కన్నా పేస్ట్ వేడిని బాగా లాగుతుంది కదా?

లాగుతుంది, కాదనను. అయినా చాలా ల్యాప్‌టాప్‌లలో ఆ పని చేయొద్దనే చెప్తాను. చేయదగ్గ చోట్లు కొన్ని ఉన్నాయి, అవీ చెప్తాను. తేల్చేది ఒక్కటే: చిప్‌కీ, దాని వేడిని లాక్కునే లోహపు ముక్క హీట్‌సింక్‌కీ మధ్య సందు ఎంత అన్నది. డబ్బా మీద అచ్చేసిన పెద్ద నంబర్‌తో ఇది తేలదు.

సందు ఎందుకుంటుందంటే

హీట్‌సింక్ విప్పి తిరగేసి చూడండి. మధ్యలో నున్నటి రాగి పలక ఉంటుంది. అది ప్రాసెసర్ డై మీద, గ్రాఫిక్స్ చిప్ డై మీద నేరుగా కూర్చుంటుంది. డై అంటే అద్దంలా మెరిసే ఆ చిన్న దీర్ఘచతురస్రం. దాని చుట్టూ నల్లటి మెమరీ చిప్‌లు, ఆ పక్కన కరెంటు సరఫరా చూసుకునే మాస్‌ఫెట్‌లు వరసగా, వాటి పక్కన బూడిదరంగు కాయిల్ పెట్టెలు ఉంటాయి. వీటి ఎత్తులు ఒక్కలా ఉండవు. హీట్‌సింకేమో వంగని ఒకే ముక్క. అన్నిటి మీదా ఒకేసారి ఆనడం కుదరదు. అందుకని దాన్ని డైల మీద గట్టిగా నొక్కేలా తయారుచేసి, మిగతా వాటి మీద కావాలనే అర మిల్లీమీటరు నుంచి రెండు మిల్లీమీటర్ల దాకా సందు వదిలేస్తారు. ఆ సందులో నలిగి కూర్చునేదే ప్యాడ్.

పేస్ట్ పని వేరు. రెండు నున్నటి లోహపు ముఖాల మధ్య కంటికి కనపడని గుంటల్లో ఉన్న గాలిని తోసేసి ఆ చోటు తను ఆక్రమించడం వరకే దాని పని. బిగించాక ఆ పొర మందం మిల్లీమీటరులో పదో వంతు కూడా ఉండదు. గోడ మీద వెంట్రుకవాసి గీతని సున్నం కప్పేస్తుంది, వేలు దూరే బొక్కకి సిమెంటే కావాలి. ఇక్కడ పేస్ట్ సున్నం, ప్యాడ్ సిమెంటు.

కాస్త లెక్క వేద్దాం

లెక్కలంటే విసుగనిపిస్తే ఈ భాగం దాటేయొచ్చు గానీ, వేస్తే అనుమానం పూర్తిగా తీరిపోతుంది. వేడి దాటేటప్పుడు ఎన్ని డిగ్రీల తేడా పడుతుందో తెలియాలంటే వాట్లను మందంతో గుణించి, పదార్థం వాహకతతోనూ వైశాల్యంతోనూ భాగించాలి. వాహకత అంటే పదార్థం వేడిని ఎంత తేలిగ్గా దాటనిస్తుందో చెప్పే అంకె, డబ్బా మీద ఉండే పెద్ద నంబర్ అదే. కొలతలన్నీ మీటర్లలోకి మార్చుకుని లెక్క వేయాలి.

ఒక ప్రాసెసర్ డై సుమారు 100 చదరపు మిల్లీమీటర్లు, అది 45 వాట్లు లాగుతోంది అనుకుందాం. దాని మీద వాహకత 6 ఉన్న 1 మిల్లీమీటరు ప్యాడ్ పెడితే తేడా 75 డిగ్రీలు. అంటే హీట్‌సింక్ 50 దగ్గర ఉంటే ప్రాసెసర్ 125కి పోవాలి. అంతదాకా పోనివ్వదు, 100 దగ్గరే వేగం తగ్గించేసుకుంటుంది. అదే డై మీద వాహకత 8 ఉన్న పేస్ట్ 0.05 మిల్లీమీటర్ల పొరగా ఉంటే తేడా 3 డిగ్రీల లోపే. డై మీద పేస్టే ఎందుకుండాలో ఇక చెప్పక్కర్లేదు.

ఇప్పుడు మెమరీ చిప్ సంగతి. 14 బై 12 మిల్లీమీటర్ల చిప్ రెండున్నర వాట్లు లాగుతోంది అనుకోండి. అదే 1 మిల్లీమీటరు ప్యాడ్‌తో తేడా దాదాపు రెండున్నర డిగ్రీలు. ప్యాడ్ తీసేసి, సందే లేదనుకుని, పలచటి పేస్ట్ పెడితే పదో వంతు డిగ్రీ. అంటే అన్నీ కలిసొచ్చినా మీకు మిగిలేది రెండు డిగ్రీలు. అంతకు మించి అక్కడ లాభమే లేదు.

నష్టం మాత్రం చాలా పెద్దది. ప్యాడ్ తీశాక అర మిల్లీమీటరు గాలి సందు మిగిలిందంటే, గాలి వాహకత 0.026 కాబట్టి, ఒక్కో వాట్‌కి వంద డిగ్రీలకు పైనే తేడా పడాలి. నిజానికి చిప్ వేడి కొంత బోర్డులోకి కూడా దిగుతుంది గనక అంత ఘోరం జరగదు. కానీ హీట్‌సింక్ దారి మూసుకుపోయినట్టే.

మరి సందు నిండేలా పేస్ట్ దట్టంగా కుక్కితే? మొదటి వారం బాగానే ఉంటుంది, చిక్కంతా అక్కడే వస్తుంది. పేస్ట్ మందంగా నిలబడేందుకు తయారైంది కాదు. వేడెక్కి చల్లారే కొద్దీ పక్కలకి జారుతుంది, నూనె విడిచి ఎండిపోతుంది, పగుళ్లిస్తుంది. మా చుట్టాలబ్బాయి ల్యాప్‌టాప్ ఒక రిపేరు షాపు నుంచి అలాగే వచ్చింది. ప్యాడ్లన్నీ పారేసి మెమరీ చిప్‌ల మీద తెల్ల పేస్ట్ కుప్పలు పోసి పంపారు. ప్రాసెసర్ టెంపరేచర్ తగ్గింది, అందరూ సంతోషించారు. కొన్నాళ్లకి గేమ్‌లో రంగురంగుల గళ్లు మొదలయ్యాయి. విప్పి చూస్తే పేస్ట్ ఎండి పెచ్చులుగా లేస్తోంది. రెండు చిప్‌ల మీద పైనుండే రాగికి పేస్ట్ మరక కూడా అంటలేదు, తళతళలాడుతోంది. మెమరీకి టెంపరేచర్ చూపించే సెన్సర్ ఆ ల్యాప్‌టాప్‌లో లేదు, చాలావాటిలో ఉండదు. అందుకే ఈ తప్పు బయటపడటానికి అంత కాలం పడుతుంది.

ప్యాడ్‌లా కనిపించేదంతా ప్యాడ్ కాదు

ప్రాసెసర్ డై మీదే బూడిదరంగు పలచటి రేకులాంటిది, గోటితో గీస్తే మైనంలా వచ్చేది కనిపిస్తే అది సందు నింపే ప్యాడ్ కాదు. అది ఫేజ్ చేంజ్ పదార్థం. మామూలప్పుడు గట్టిగా ఉండి, సుమారు 45 డిగ్రీలు దాటగానే మెత్తబడి పలచగా పరుచుకుంటుంది. హనీవెల్ వాళ్ల పీటీఎం7950 ఈ జాతిలో పేరు మోసింది. దాన్ని తీసి పేస్ట్ పెట్టొచ్చు, సందు సమస్య లేదు. కానీ పెట్టడం వల్ల మీకు మేలు జరుగుతుందా అంటే అనుమానమే. ఆ సంగతి కింద చెప్తాను.

నిజంగానే డై మీద మెత్తటి ప్యాడ్ ఉన్న ల్యాప్‌టాప్‌లు కూడా ఉన్నాయి, పాతవాటిలో. 2006 నుంచి 2008 మధ్య వచ్చిన హెచ్‌పీ పెవిలియన్ డీవీ6000, డీవీ9000 లాంటి మోడళ్లలో గ్రాఫిక్స్ చిప్‌కీ హీట్‌సింక్‌కీ మధ్య ప్యాడ్ ఉండేది. జనం దాన్ని పీకేసి, సరైన మందం ఉన్న రాగి ముక్క పెట్టి, దానికి రెండు వైపులా పేస్ట్ రాసి వాడుకున్నారు. టెంపరేచర్లు బాగా తగ్గాయి కూడా. ప్యాడ్ తీసి పేస్ట్ పెట్టమనే సలహాకి ఆ రోజుల్లో బాగా ప్రచారం వచ్చింది. అయితే ఆ చిప్‌లలో అసలు లోపం వేరు. ప్యాకేజింగ్‌లోనే, అంటే డైని అమర్చే పదార్థాల్లోనే, బలహీనత ఉందని, దాని ఖర్చుల కింద 15 నుంచి 20 కోట్ల డాలర్లు పక్కన పెడుతున్నామని ఆ చిప్‌ల కంపెనీ ఎన్విడియా 2008 జులైలో ప్రకటించింది. రాగి ముక్క చావుని కొంచెం వాయిదా వేసిందంతే.

అలాంటి పాత యంత్రం మీ దగ్గరుంటే, డై మీద ప్యాడే ఉంటే, అక్కడ రాగి ముక్కా పేస్టూ సరైన మార్పే. మందం కచ్చితంగా తెలియాలి. మిల్లీమీటరులో పదో వంతు తక్కువైతే ఆనదు, ఎక్కువైతే స్క్రూలు బిగించేటప్పుడు డై అంచు చిట్లుతుంది. ముక్క పక్కకి జారి చుట్టూ ఉన్న చిన్న కెపాసిటర్ల మీద పడితే షార్ట్. ఇదే రాగి ముక్కల ఉపాయాన్ని కొత్త గేమింగ్ ల్యాప్‌టాప్‌లో మెమరీ చిప్‌ల మీద చేయాలనుకుంటే మాత్రం వద్దు. ఒక్కో చిప్ ఎత్తు ఇసుమంత తేడాగా ఉంటుంది, రాగి నలగదు. ఏ ఒక్క ముక్క ఎత్తయినా హీట్‌సింక్ మొత్తం డై మీద నుంచి లేస్తుంది. కొండ నాలుక్కి మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టు ప్రాసెసరే మాడుతుంది.

సందున్న చోట: కొత్త ప్యాడా, పుట్టీయా?

పాత ప్యాడ్ చిరగకుండా, మెత్తగా, చిప్ అచ్చు స్పష్టంగా పడి ఉంటే దాన్ని అలాగే వదిలేయండి. పాతదైనంత మాత్రాన మార్చాలని లేదు. ప్యాడ్ చుట్టూ జిడ్డుగా నూనె మరక కనిపిస్తే కంగారు పడకండి, అది సిలికాన్ నూనె. కరెంటు పారదు, తుడిచేస్తే పోతుంది. ప్యాడ్ గట్టిపడి పొడిగా రాలుతుంటేనో, తీసేటప్పుడు ముక్కలైపోతేనో అప్పుడు మార్చాలి.

ప్యాడ్ కొనేటప్పుడు అందరూ చూసేది వాహకత నంబర్. 12, 15 అని రాసి ఉంటే అటు చెయ్యి పోతుంది. నేనైతే మొదట మందం, తర్వాత మెత్తదనం, చివరికి ఆ నంబర్ చూస్తాను. రెండున్నర వాట్ల చిప్ మీద 6 ప్యాడ్‌కీ 12 ప్యాడ్‌కీ తేడా డిగ్రీంబావు. అదే మందంలో అర మిల్లీమీటరు ఎక్కువైతే ప్రాసెసర్ ఇరవై డిగ్రీలు పెరిగినా ఆశ్చర్యం లేదు, ఎందుకంటే ప్యాడ్ నలగక హీట్‌సింక్‌ని పైకి ఎత్తేస్తుంది. పెద్ద నంబర్ ఉన్న ప్యాడ్లు చాలావరకు గట్టిగా కూడా ఉంటాయి. అందులో ఇదో చిక్కు.

మందం కొలవడానికి వెర్నియర్ కావాలి, స్కేలుతో కాదు. పాత ప్యాడ్‌లో చిప్ నొక్కిన చోటు ఒకటి, అంచున నొక్కుడు పడని చోటు ఒకటి, రెండూ కొలవండి. కొనాల్సింది అంచు మందం. నొక్కుడు చోటు చెప్పేది అసలు సందు. ఒకే హీట్‌సింక్ మీద మెమరీ దగ్గర 1, మాస్‌ఫెట్‌ల దగ్గర 0.5, కాయిల్‌ల మీద 2 ఉండటం మామూలే కాబట్టి అన్నిటికీ ఒకే షీట్ తెచ్చి కోసేయకండి. విప్పగానే, దేన్నీ కదపకముందే, ఫోన్‌లో ఫొటోలు తీసుకోండి.

ఇదంతా తలనొప్పి అనిపించేవాళ్లకి థర్మల్ పుట్టీ ఉంది. చపాతీ పిండి కన్నా మెత్తగా, చిన్న డబ్బాలో వస్తుంది. అప్‌సైరెన్ యూఎక్స్ ప్రో లాంటివి బాగా వాడుకలో ఉన్నాయి. చిప్ మీద చిన్న ఉండ పెట్టి హీట్‌సింక్ బిగిస్తే సందు ఎంతుంటే అంతకి నలిగి, మిగిలింది పక్కకి వస్తుంది. హీట్‌సింక్‌ని ఎత్తేంత బిగువు దానికి లేదు. అందుకే మందం తప్పు పోయే భయం లేదు. ప్యాడ్ మందాలు తెలియని ల్యాప్‌టాప్‌కి నా ఓటు పుట్టీకే. ఇబ్బందల్లా అతుక్కోవడం. తర్వాత ఎప్పుడైనా విప్పితే బోర్డు నిండా అంటుకుని ఉంటుంది, ప్లాస్టిక్ ముక్కతో గీరుతూ కూర్చోవాలి. ఏడాదికి రెండుసార్లు విప్పే అలవాటున్నవాళ్లకి ప్యాడే హాయి.

ఎస్ఎస్‌డీ మీద ఉన్న ప్యాడ్‌ని ముట్టుకోకండి. అక్కడ పేస్ట్‌తో పని లేదు.

డై మీద: పేస్టా, పీటీఎం షీటా, లిక్విడ్ మెటలా?

ఇక్కడ పోటీ నిజంగానే ఉంది. మామూలు పేస్ట్ చవక, ఎక్కడైనా దొరుకుతుంది, పెట్టడం తేలిక. కంప్యూటర్ షాపులుండే సికింద్రాబాద్ సీటీసీలో ఏ చిన్న షాపులో అడిగినా ఇస్తారు. ల్యాప్‌టాప్‌లో దానికున్న బలహీనత ఒకటే. డై మీద లోహపు మూత లేదు, రాగి నేరుగా సిలికాన్ మీద ఆనుతుంది. వేడెక్కినప్పుడు రెండూ ఒకలా వ్యాకోచించవు, చల్లారినప్పుడు ఒకలా సంకోచించవు. ఆ కదలికకి పలచటి పేస్ట్ రోజురోజుకీ అంచుల్లోకి పోయి మధ్యలో ఖాళీ మిగులుతుంది. దీన్నే పంప్ అవుట్ అంటారు. పెట్టిన కొత్తలో 80 ఉన్నది కొన్ని నెలల్లో మళ్లీ 95కి చేరితే, ఒక కోర్ మిగతా వాటి కన్నా 15, 20 డిగ్రీలు ఎక్కువ చూపిస్తుంటే, ఇదే కారణం కావచ్చు. అందుకే రోజూ గేమ్‌లాడే ల్యాప్‌టాప్‌కి నీళ్లలా జారే పేస్ట్ కొనకండి. ఆర్కిటిక్ ఎంఎక్స్-4 కన్నా ఎంఎక్స్-6 చిక్కన, అలాంటి చిక్కటిది ఎంచుకోండి.

పీటీఎం7950కి ఆ రోగం లేదు. దాని వాహకత 8.5, ఎంఎక్స్-4 డబ్బా మీద రాసేదీ అంతే. కానీ చల్లారినప్పుడు గట్టిపడుతుంది గనక కదలికకి జారిపోదు, ఏళ్ల తరబడి ఉంటుంది. డై కొలతకి కత్తిరించి అంటించడమే. పొరలు ఊడదీసేటప్పుడు షీట్ చిరుగుతుంటే కాసేపు ఫ్రిజ్‌లో పెట్టి తీయండి. మొదటి రోజు టెంపరేచర్ నిరాశగా ఉంటే మార్చేయకండి, కొన్నిసార్లు బాగా వేడెక్కి చల్లారాకే అది సర్దుకుంటుంది. ధర పేస్ట్ కన్నా ఎక్కువ, పైగా ఆన్‌లైన్‌లో నకిలీలు ఎక్కువ. మరీ చవగ్గా కనిపిస్తే అనుమానించండి. ఇందాక వాయిదా వేసిన మాట ఇదే: కంపెనీ డై మీద ఇలాంటి షీట్ పెట్టి ఇచ్చి ఉంటే, దాన్ని తీసి పేస్ట్ పెట్టడమంటే చాలాసార్లు ఒక మెట్టు దిగడమే.

లిక్విడ్ మెటల్ అంకెల్లో అందరినీ దాటేస్తుంది. థర్మల్ గ్రిజ్లీ కండక్టోనాట్‌కి 73 అని రాస్తారు. కానీ అందులో ఉండేది గాలియం మిశ్రమం. అల్యూమినియం తగిలితే తినేస్తుంది, బొట్టు జారి బోర్డు మీద పడితే షార్ట్. బ్యాగ్‌లో వేసుకుని బస్సెక్కే ల్యాప్‌టాప్‌లో ఇంట్లో కూర్చుని పూసుకునే సరుకు కాదది. అసుస్ ఆర్‌ఓజీ లాంటి కొన్నిటిలో కంపెనీయే పెట్టి ఇస్తుంది, చుట్టూ కట్ట కట్టి మరీ. అవి విప్పే ముందు మీ మోడల్‌లో ఏముందో కనుక్కోండి.

అసలు విప్పక్కర్లేని సందర్భాలు

రామగుండం, రెంటచింతల లాంటి చోట మేలో గది 40 డిగ్రీలుంటుంది. 26 డిగ్రీల ఏసీ గదిలో 80 చూపించిన ప్రాసెసర్ అక్కడ అదే పనికి 94 చూపిస్తే అందులో వింతేం లేదు, ఏ పేస్టూ గది వేడిని తగ్గించదు. ఫ్యాన్ గాలి బయటికొచ్చే చోట రెక్కల వెనక దుమ్ము దుప్పటిలా పేరుకుని ఉంటే అది తీయడమే సగం వైద్యం. కింది మూత తీసి, ఫ్యాన్ తిరక్కుండా వేలితో పట్టుకుని, బ్లోయర్‌తో ఊదితే హీట్‌సింక్ ఎత్తకుండానే పని అయిపోవచ్చు. పరుపు మీద పెట్టి వాడేవాళ్లు ముందు అది మానాలి. వారంటీ ఉన్న ల్యాప్‌టాప్ అయితే విప్పితే ఏమవుతుందో కస్టమర్ కేర్‌ని అడిగి, ఆ తర్వాతే స్క్రూడ్రైవర్ తీయండి.

ఇక 2020 నవంబర్‌లో వచ్చిన ఎం1 మ్యాక్‌బుక్ ఎయిర్ సంగతి దీనికి తిరగేసి ఉంటుంది. అందులో ఫ్యాన్ లేదు. కొందరు లోపలి లోహపు పలకకీ కింది మూతకీ మధ్య ఖాళీలో కొత్తగా ప్యాడ్లు పెట్టి, మూతనే హీట్‌సింక్‌లా వాడుకున్నారు. ఎక్కువసేపు పనిచేసినప్పుడు వేగం పడిపోవడం తగ్గింది, ఒళ్లో పెట్టుకుంటే కాలడం మొదలైంది. టేబుల్ మీద వాడేవాళ్లకి లాభసాటి బేరం, మిగతావాళ్లకి కాదు.

చేయాలనే నిర్ణయించుకుంటే

చార్జర్ తీసి, మూత విప్పగానే మొట్టమొదట బ్యాటరీ కనెక్టర్ ఊడదీయండి. హీట్‌సింక్ స్క్రూల పక్కన 1, 2, 3, 4 అని అంకెలుంటాయి. బిగించేటప్పుడు ఆ వరసలో, విప్పేటప్పుడు తిరగేసి, ఒక్కోదాన్ని కొంచెం కొంచెంగా తిప్పాలి. పాత పేస్ట్ ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవండి, డై మీద ఇనుప వస్తువు ఏదీ తగలనివ్వకండి. పేస్ట్ పెట్టి, మిగతాచోట్ల ప్యాడ్లు అమర్చాక ఒకసారి బిగించి మళ్లీ విప్పి చూడండి. ఈ ఒక్క మెట్టు చాలామంది దాటేస్తారు. డై మీద పేస్ట్ నాలుగు మూలలకీ పలచగా నలిగిందా, ప్రతి ప్యాడ్ మీదా చిప్ అచ్చు పడిందా? డై మీద పేస్ట్ మందంగా మిగిలి, ప్యాడ్ల మీద అచ్చు లోతుగా ఉంటే ప్యాడ్ మందం ఎక్కువైంది. డై బాగుండి ఏదో ఒక ప్యాడ్ మీద అచ్చే లేకపోతే అక్కడ మందం చాలలేదు.

సరిచూసుకుని పేస్ట్ తుడిచి కొత్తగా పెట్టి బిగించాక, హెచ్‌డబ్ల్యూ ఇన్ఫో లాంటి ప్రోగ్రామ్ తెరిచి అరగంట గేమ్ ఆడండి. డిగ్రీలొక్కటే కాదు, ప్రాసెసర్, గ్రాఫిక్స్ ఎన్ని వాట్లు లాగుతున్నాయో కూడా చూడండి. టెంపరేచర్ తగ్గి వాట్లు కూడా తగ్గితే బాగుపడినట్టు కాదు, మాస్‌ఫెట్‌లు వేడెక్కి ల్యాప్‌టాప్ తనే కరెంటు తగ్గించుకుంటూ ఉండొచ్చు. అలాంటప్పుడు డై జోలికి పోకుండా మాస్‌ఫెట్‌ల మీది ప్యాడ్ దగ్గర మళ్లీ మొదలుపెట్టండి.